రియాక్టివ్ అని వచ్చినంత మాత్రాన వదిన కిడ్నీ పనికిరానిది కాదు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా ఆయనకు 47 ఏళ్లు. మామిడి మండీలో పనిచేసేవారు. షుగరు, బీపీతో రెండు కిడ్నీలూ దెబ్బతిని, రెండేళ్లుగా చిత్తూరులో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆయనది ఓ పాజిటివ్. నాకూ షుగరు ఉంది కాబట్టి నేను ఇవ్వకూడదన్నారు. అత్తామామలు లేరు. ఆయన అక్క, మా వదిన, అడక్కుండానే ‘నేనిస్తా’ అనింది. గ్రూపు కలిసింది. తీరా రక్తపరీక్షలో హెపటైటిస్ సి ‘రియాక్టివ్’ అని వచ్చింది. ‘ఈమె కుదరదు, వేరే దాతను చూసుకోండి’ అని పంపించేశారు. అప్పట్నుంచి వదిన మా ఇంటికి రావడం మానేసింది. ఆమె భర్త కూడా ‘ఈ రోగం నీకెట్లా వచ్చింది’ అని అడుగుతున్నాడంట. మా పెదనాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇదే వైరస్ ఉన్నవాళ్లు చనిపోతే వాళ్ల కిడ్నీలు తీసి పెడుతున్నారని చెప్తాడు. మనం కూడా, చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో అట్లాంటిది అడగొచ్చునా? డయాలసిస్ దగ్గర పరిచయమైన ఒకాయన, బెంగళూరులో ముప్పై లక్షలైతే తాను ఏర్పాటు చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి

జవాబు:

అమ్మా, ముందు వదినగారి రిపోర్టు తీసి మళ్లీ చూడండి. అందులో ‘యాంటీ హెచ్‌సీవీ’ అని రాసి (హెచ్‌సీవీ అంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్), పక్కన ‘రియాక్టివ్’ అని ఉంటుంది. అది వైరస్‌ను పట్టుకునే పరీక్ష కాదు. వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వస్తే దానిమీద మన శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీని చూపించే పరీక్ష. ఈ వైరస్ సోకినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి మందూ మాకూ లేకుండానే అది పోతుంది. పోయినా యాంటీబాడీ మిగిలే ఉంటుంది, రిపోర్టులో రియాక్టివ్ అనే వస్తుంది. వైరస్ ఇప్పుడు రక్తంలో ఉందో లేదో చెప్పేది ‘హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ’ పరీక్ష. ల్యాబుల్లో దాన్నే వైరల్ లోడ్ అంటారు. ఆ పరీక్ష చేయించినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మొదటి రిపోర్టు చూసే ‘కుదరదు’ అన్నారంటే, మండీలో ఒక్క మచ్చకాయ కనబడగానే బండి మొత్తం వెనక్కి పంపినట్టుంది.

ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో ‘నాట్ డిటెక్టెడ్’ అని వస్తే వదినగారి ఒంట్లో వైరస్ లేదని అర్థం. డాక్టర్లు ఇంకోసారి చేయించి ఖాయం చేసుకుంటారు, ఆ తరువాత మిగతా దాతలకు చేసే పరీక్షలే ఆమెకూ చేస్తారు. ‘డిటెక్టెడ్’ అని వచ్చినా కంగారుపడకండి. హెపటైటిస్ సి ఇప్పుడు నయమయ్యే జబ్బు. ‘అదుపులో ఉంటుంది’ అనే మాట కాదు నేను చెప్పేది, పూర్తిగా పోతుంది. హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణాల్లో తన జన్యుపదార్థాన్ని దాచిపెట్టుకుంటుంది. హెచ్‌ఐవీ మన కణాల డీఎన్‌ఏలోనే కలిసిపోతుంది. సి వైరస్‌కు అట్లా దాక్కునే చోటు లేదు. అది పెరగకుండా కొన్ని వారాలు మందు వేస్తే మళ్లీ తలెత్తడానికి ఏమీ మిగలదు. సోఫోస్‌బువిర్, వెల్‌పటాస్‌విర్ అనే రెండు మందులు కలిసిన మాత్ర రోజుకొకటి, 12 వారాలు వాడాలి. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే మూడో రకం వైరస్‌మీద కూడా ఇది పనిచేస్తుంది.

మాత్రలు అయిపోయాక ఇంకో 12 వారాలు ఆగి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. అప్పుడు కూడా వైరస్ కనబడకపోతే నయమైనట్టే లెక్క. అంటే మొత్తం ఆరు నెలలు. కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ మార్గదర్శకాలు తయారుచేసే కేడిగో సంస్థ 2018లోనే ఈ సంగతి రాసిపెట్టింది: బతికున్న దాతకు హెపటైటిస్ సి ఉండి, తీసుకునేవారికి లేకపోతే, దానానికి ముందే దాతకు వైద్యం చేయాలి, నయమై, మిగతా అర్హతలన్నీ ఉంటే ఆ దాతను ఒప్పుకోవచ్చు. మీ వదినగారికి వర్తించేది ఇదే. ఆమె కుదరదు అనే బదులు ‘ఆర్నెల్ల తరువాత చూద్దాం’ అనాల్సింది.

అయితే రెండు విషయాలు తేలాలి. వైరస్ ఇన్నేళ్లలో ఆమె కాలేయాన్ని ఎంత దెబ్బతీసిందో, కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌లో చూస్తారు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడిపోవడం) దాకా వెళ్లి ఉంటే వైరస్ పోయినా ఆమె దాత కాలేరు, ఆమె ఆరోగ్యానికే అది ప్రమాదం. రెండోది, హెపటైటిస్ సి కొందరిలో కిడ్నీనీ దెబ్బతీస్తుంది. అందుకని మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్నది జాగ్రత్తగా చూడాలి. ఈ రెండూ బాగుంటే దారి ఉన్నట్టే.

వైద్యానికి డబ్బు భయం పెట్టుకోవద్దు. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద వైరల్ లోడ్ పరీక్ష, మాత్రలు రెండూ ఉచితం. చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో గానీ తిరుపతి రుయాలో గానీ ఈ కార్యక్రమం కింద మందులిచ్చే కేంద్రం మీకు దగ్గరలో ఎక్కడుందో అడగండి. మాత్రలు మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా చేయించాలి. బి కూడా ఉంటే, సి పోయే క్రమంలో అది ఒక్కసారిగా విజృంభించవచ్చు. ఇంకో చిన్న జాగ్రత్త, చిన్నదే గానీ వైద్యాన్ని చెడగొట్టేది: గ్యాస్ మాత్ర. మన వైపు పొద్దున లేవగానే పాంటాప్రజోల్ వేసుకోని ఇల్లు వెతికినా దొరకదు. ఆ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తే వెల్‌పటాస్‌విర్ సరిగా ఒంటికి పట్టదు. వదినగారికి ఆ అలవాటుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే అసలు ఈ మాత్రలే ఇవ్వకూడదు.

నయమయ్యాక కూడా యాంటీబాడీ పరీక్ష రియాక్టివ్ అనే చూపిస్తుంది, చాలామందికి జీవితాంతం. రేపు ట్రాన్స్‌ప్లాంట్‌కు వెళ్లిన ఆసుపత్రిలో మళ్లీ మొదటినుంచి పరీక్షలు చేస్తే, ఆ కాగితం చూసి మళ్లీ ఎవరో ఒకరు తల అడ్డంగా ఊపవచ్చు. అందుకని వైద్యానికి ముందు ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు, అయిపోయాక వచ్చిన రిపోర్టు, పన్నెండు వారాల తరువాతి రిపోర్టు, మూడూ ఒక ఫైల్లో పెట్టి చేతిలో ఉంచుకోండి. తిరుపతి స్విమ్స్‌కు వెళ్లినా వేలూరు సీఎంసీకి వెళ్లినా ముందు ఆ ఫైలు బల్లమీద పెట్టండి.

ఇక అమెరికా సంగతి. మీ అన్న చెప్పింది నిజమే. 2017లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డాక్టర్లు, హెపటైటిస్ సి లేని పదిమంది డయాలసిస్ రోగులకు, ఆ వైరస్ ఉండి చనిపోయినవాళ్ల కిడ్నీలు పెట్టి, ఫలితాలు ప్రచురించారు. ఆ ప్రయోగం పేరు థింకర్. ఆపరేషన్ అయిన మూడో రోజుకే పదిమంది రక్తంలోనూ వైరస్ కనిపించింది. వెంటనే 12 వారాల మాత్రలు మొదలుపెట్టారు. పదిమందికీ నయమైంది. మరుసటి ఏడాది జాన్స్ హాప్కిన్స్‌లో ఇంకో పదిమందికి ఆపరేషన్‌కు ముందే మొదటి మాత్ర వేసి చూశారు, ఒక్కరికీ జబ్బు స్థిరపడలేదు. అంతకుముందు అలాంటి కిడ్నీల్ని ఏటా వందల సంఖ్యలో పారేసేవాళ్లు. 2022కు వచ్చేసరికి కేడిగో సైతం, తీసుకునేవారికి వైరస్ ఉన్నా లేకపోయినా ఈ కిడ్నీల్ని పరిశీలించవచ్చని సిఫారసు చేసింది.

అక్కడ ఇది ఎందుకు మొదలైందో కూడా తెలుసుకోవాలి. ఓపియాయిడ్ మత్తుమందుల మోతాదు మించి అక్కడ చాలామంది చిన్న వయసులోనే చనిపోతున్నారు. సూదులు పంచుకోవడం వల్ల వాళ్లలో హెపటైటిస్ సి ఎక్కువ. కిడ్నీలు మాత్రం పడుచువాళ్లవి, బాగా పనిచేసేవి. మరోపక్క వైరస్‌ను పూర్తిగా పోగొట్టే మందు 2013 డిసెంబరులో వచ్చింది. ఈ రెండూ కలిసినందువల్ల ఆ దారి తెరుచుకుంది. విచిత్రం ఏమిటంటే, ఆ మందు అమెరికాలో మొదట్లో మాత్ర ఒక్కటికి వెయ్యి డాలర్లు. మన దగ్గర 2014లో లైసెన్సులు వచ్చాక హైదరాబాదు కంపెనీలే దాన్ని తయారుచేసి అందులో ఎన్నో వంతు ధరకు అమ్ముతున్నాయి. మందు మన చేతిలో ఉంది, లేనిది కిడ్నీలు.

మన దేశంలో మరణానంతర దానం జనాభాలో పది లక్షలకు ఏటా ఒకరి లెక్క కూడా రాదు. మార్పిడుల్లో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లు ఇచ్చేవే, అందులోనూ తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు ఇచ్చేవే. బ్రెయిన్ డెడ్ అయిన దాతలు ఎక్కువగా రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవాళ్లు. ఆ కొద్దిమందిలో హెపటైటిస్ సి ఉన్నవాళ్లు ఇంకెంత తక్కువో ఊహించండి. అలాంటి కిడ్నీని వాడాలంటే రాత్రికి రాత్రి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కావాలి, మాత్రలు ఆపరేషన్ నాటికే చేతిలో ఉండాలి, ఆ తరువాత నెలల తరబడి వైరల్ లోడ్ చూసే ఏర్పాటుండాలి. మార్పిడి తరువాత ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడతారు కాబట్టి వైరస్ మామూలు మనిషిలో కంటే జోరుగా పెరుగుతుంది. మాత్రలు ఆలస్యమైతే కాలేయం తీవ్రంగా దెబ్బతినే అవకాశం కొందరిలో ఉంది. మన దగ్గర ఇది మామూలు పద్ధతి కాలేదు. కాబట్టి ‘వైరస్ ఉన్నదైనా ఇవ్వండి’ అని అడగడంకోసం జీవన్‌దాన్‌కు వెళ్లనక్కర్లేదు.

కానీ జీవన్‌దాన్‌లో పేరు మాత్రం ఈ వారమే పెట్టించండి. ఆసుపత్రి ద్వారానే నమోదు చేయించాలి. మీ ఆయనది ఓ గ్రూపు కాబట్టి ఓ గ్రూపు కిడ్నీయే సరిపడుతుంది, వరస మెల్లగా కదులుతుంది. వదినగారి వైద్యం సాగుతున్న ఆర్నెల్లలో ఆ వరసలో ఉండటం వల్ల పోయేదేమీ లేదు. ఏ రోజైనా ఫోను వచ్చి, దాతకు హెపటైటిస్ సి ఉంది, మీకు ఇష్టమేనా అని అడిగితే, అప్పుడు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. వైరస్ ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో కనిపించిందా, యాంటీబాడీ ఒక్కటే ఉందా? యాంటీబాడీ మాత్రమే ఉండి ఆర్‌ఎన్‌ఏ లేకపోతే అంటుకునే ప్రమాదం చాలా తక్కువ. మాత్రలు ఎన్నో రోజు మొదలుపెడతారు, ఎవరు కొంటారు? మొదటి కోర్సు పనిచేయకపోతే ఏం చేస్తారు? వీటికి సూటిగా సమాధానం చెప్పే డాక్టరు ముందు సంతకం పెట్టడానికి భయపడనక్కర్లేదు. నసిగితే ఆగండి.

‘వైరస్ ఉన్న కిడ్నీ’ అని అన్నిటినీ ఒక గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం వస్తోంది. హెచ్‌ఐవీ ఉన్న దాత కిడ్నీని హెచ్‌ఐవీ ఉన్న రోగికి పెట్టడం దక్షిణాఫ్రికాలో 2008లో మొదలైంది. అమెరికా 2013లో చట్టం చేసి దానికి వీలు కల్పించింది. అది వైరస్ లేనివాళ్లకు పెట్టే పద్ధతి కాదు. 2004లో టెక్సాస్‌లో రేబిస్ ఉందని ఎవరికీ తెలియని ఒక దాత అవయవాలు పెట్టించుకున్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. వైరస్ ఏది, దానికి మందు ఉందా, ముందే తెలిసిందా అన్న మూడింటిని బట్టే ఒప్పుకోవాలో వద్దో తేలుతుంది.

బెంగళూరు ఆయన సంగతి ఎక్కువ రాయను. చిత్తూరు మూడు రాష్ట్రాల కూడలి కాబట్టి డయాలసిస్ గది బయట ఇలాంటివాళ్లు తగులుతూనే ఉంటారు. 1994 అవయవ మార్పిడి చట్టాన్ని 2011లో సవరించాక, అవయవం అమ్మినా కొన్నా మధ్యవర్తిత్వం చేసినా 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. కొన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. పైగా డబ్బుకోసం వచ్చేవాడు తన జబ్బు దాచుకుంటాడు. కొత్తగా వైరస్ సోకిన మనిషిలో యాంటీబాడీ కనిపించడానికి వారాలు పడుతుంది. హడావిడిగా, దొంగచాటుగా చేసే పరీక్షలో అది దొరకదు. వదినగారి వైరస్ మనకు తెలిసిన వైరస్, మందు ఉన్న వైరస్. ముప్పై లక్షలు పోసి కొనే కిడ్నీలో ఏముందో ఎవరికీ తెలియదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ వదినగారు ఇంటికి రావడం మానేశారన్న మాట. ఆమెకు ఈ వైరస్ ఎక్కడినుంచి వచ్చిందో మీరూ ఆమె భర్తా కలిసి ఒకసారి వెనక్కి ఆలోచించండి. కాన్పుల్లో ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? ఈ వైరస్‌ను కనుక్కున్నదే 1989లో. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయ్యేసరికి 2000 దాటింది. అంతకుముందు రక్తం ఎక్కించుకున్న ఎందరో ఆడవాళ్లు ఇది ఉందని తెలియకుండానే తిరుగుతున్నారు. పల్లెల్లో జ్వరానికీ నొప్పులకీ సరిగా ఉడకబెట్టని సూదితో వేసిన ఇంజెక్షన్లు, పళ్లు పీకించుకోవడం, పచ్చబొట్టు, ఇన్ని దారులున్నాయి. ఇరవై ఏళ్లు ఏ లక్షణం లేకుండా ఉండటం దీని స్వభావం. భార్యాభర్తల మధ్య ఇది సోకడం అరుదు. కలిసి భోంచేస్తే, ఒకే చెంబులో నీళ్లు తాగితే రాదు. రేజరు, టూత్‌బ్రష్ మాత్రం పంచుకోకూడదు. ఆమె భర్త కూడా, పిల్లలు కూడా ఒక్కసారి పరీక్ష చేయించుకుంటే అక్కడితో అనుమానం తీరిపోతుంది. ‘ఎట్లా వచ్చింది’ అని నిలదీసేవాడికి ముందు తన రక్తం చూపించుకోమని చెప్పండి. ఇది మీరు చెప్పకండి, డాక్టరుచేత చెప్పించండి. అన్నయ్య వరసైనవాడికి మీరు చెబితే గొడవవుతుంది.

వదినగారి దగ్గరకు మీరే వెళ్లండి. మీ ఆయనను తీసుకెళ్లకండి. ఆ మనిషి ముందు కూర్చుంటే ఆమె ‘వద్దు’ అనాలనుకున్నా అనలేదు. వెళ్లి కిడ్నీ మాట ఎత్తకండి. ఆమె కాలేయంలో ఒక వైరస్ ఉండొచ్చు, ఇట్లాగే వదిలేస్తే సిర్రోసిస్, క్యాన్సర్ దాకా పోవచ్చు, మూడు నెలల మాత్రతో పోయే జబ్బు అది. తమ్ముడికి కిడ్నీ ఇవ్వాలనుకోవడం వల్ల అది బయటపడింది. ఆ వైద్యం ఆమె ప్రాణంకోసం. తమ్ముడికి కిడ్నీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమె ఆ మాత్రలు వాడాల్సిందే. కిడ్నీకోసం ఆమెను బాగుచేస్తున్నట్టు ఒక్క మాట దొర్లినా ఆమె మనసు విరిగిపోతుంది.

నయమయ్యాక ఇస్తానంటే సంతోషం. అప్పుడు చట్టం కూడా ఆమె పక్షాన కొన్ని జాగ్రత్తలు పెట్టింది. తోబుట్టువు దగ్గరి బంధువు కాబట్టి బంధుత్వం రుజువు చేస్తే చాలు. దాత స్త్రీ అయితే, ఆమె ఎవరో, తన ఇష్టంతోనే ఇస్తోందో లేదో, కిడ్నీ తీసుకునేవారు కాక వేరే మనిషి నిర్ధారించాలని 2014 నిబంధనలు చెప్తున్నాయి. చాలా ఆసుపత్రులు భర్త సంతకం కూడా అడుగుతాయి, కాబట్టి ఆయన్ను దూరం పెట్టి పని జరగదు. ఆపరేషన్ గదికి వెళ్లేముందు దాకా ఎప్పుడైనా ఆమె వెనక్కి తగ్గవచ్చు. ఇవ్వనంటే మారుమాట్లాడకండి. ‘మాట ఇచ్చావు కదా’ అనే హక్కు మీ ఇంట్లో ఎవరికీ లేదు.

ఈ ఆర్నెల్లలో మీ ఆయన విషయంలో చేయాల్సిన పనులూ ఉన్నాయి. ఆయనకు హెపటైటిస్ బి టీకా పూర్తయిందో లేదో చూడండి. డయాలసిస్ రోగులకు మామూలుకన్నా రెట్టింపు మోతాదు నాలుగుసార్లు వేస్తారు. చాలామంది రెండు వేయించుకుని మర్చిపోతారు. డయాలసిస్ కేంద్రాల్లోనే హెపటైటిస్ సి అంటుకోవడం మన దేశంలో కొత్తేమీ కాదు. అందుకని ఆయనకూ ఆరు నెలలకొకసారి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష జరగాలి. ఆయనకే వైరస్ ఉందని తేలితే లెక్క మారుతుంది, వెంటనే మీ నెఫ్రాలజిస్టుకు చెప్పండి. రక్తం తగ్గిందని ఎవరైనా బాటిల్ ఎక్కిద్దామంటే, ఇంజెక్షన్‌తో పెంచలేమా అని ఒకసారి అడగండి. పరాయి రక్తం ఎక్కించేకొద్దీ ఒంట్లో యాంటీబాడీలు పెరిగి, రేపు ఆయన రక్తం వదినగారి కిడ్నీని ఎదిరిస్తుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ కుదరకపోయే అవకాశం ఎక్కువవుతుంది. ప్రాణం మీదికొస్తే ఎక్కించాల్సిందే, అది వేరే సంగతి. గుండె పరీక్షలు, పళ్ల పరీక్ష ఇప్పుడే కానిచ్చేయండి. షుగరున్న మనిషికి గుండె పరీక్ష దగ్గరే ట్రాన్స్‌ప్లాంట్ తేదీలు వాయిదా పడుతుంటాయి.

వదినగారి ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి. ‘డిటెక్టెడ్’ అని ఉందా, ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉందా, డిటెక్టెడ్ అయితే అంకె ఎంత, ఫైబ్రోస్కాన్‌లో కిలోపాస్కల్ లెక్క ఎంత, ఆమె వాడుతున్న మందుల పేర్లు, గ్యాస్ మాత్రతో సహా, అన్నీ రాసి పంపండి.